చలికాలంలో ఏటి ఈత: బీపీ ఉన్నవాళ్లెవరైనా చేస్తున్నారా?

మాది పర్లాకిమిడి. చిన్నప్పుడు మహేంద్రతనయలోనే ఈత నేర్చుకుని, తర్వాత కొట్టు, పిల్లలు అంటూ పాతికేళ్లు ఆ వైపే వెళ్లనివాణ్ని, 48 ఏళ్లొచ్చాక ఈ డిసెంబరులో మళ్లీ మొదలుపెట్టాను. ఏరు తగ్గింది గానీ ఒక మడుగులో ఈదేంత లోతుంది. దిగగానే గుండె జల్లుమని, ఒకటి రెండు నిమిషాలు ఊపిరి అందదు, ఆ తర్వాత సర్దుకుంటుంది. బయటికొచ్చాక మాత్రం ఒళ్లంతా తేలిక, కొట్లో బేరాలాడేవాళ్ల మీద చిరాకు కూడా తగ్గింది!

14 డిగ్రీల నీళ్లలో మనుషుల్ని గంట ఉంచితే రక్తంలో నోరాడ్రినలిన్ (ఒంటిని, మనసును చురుగ్గా చేసే హార్మోను) 5 రెట్లకు పైగా పెరిగిందని 2000లో వచ్చిన ఒక పరిశోధన చెబుతోంది. మన ఏరు అంత చల్లగా ఉండదనుకోండి, నేనుండేది పది నిమిషాలే.

అసలు టెన్షన్ ఏంటంటే, నాకు బీపీ మాత్రలున్నాయి. చల్లనీళ్లకి రక్తనాళాలు బిగుసుకుని బీపీ ఒక్కసారిగా పెరుగుతుందట. డాక్టరుగారిని వచ్చే వారం కలుస్తాను, ఈలోగా ఈత ఆపేశాను, మా ఆవిడ మాట మీద. మీలో బీపీ ఉండి చలిలో ఈదేవాళ్లు డాక్టరును ఏమేం అడిగారు, ఏ పరీక్షలు చేయించారు? ఒడ్డుకొచ్చి తుడుచుకున్నాక పది నిమిషాలకి మొదలయ్యే వణుకుకి ఏం చేస్తారు? వేడినీళ్లు పోసుకోవద్దని ఒకరు, పోసుకోమని ఇంకొకరు. ఒంటరిగా దిగొద్దని మాత్రం చెప్పకండి, బావమరిది గట్టు మీద దుప్పటి కప్పుకుని కాపలా ఉంటాడు.