చెలిమి కింతటా, చెలిమి కెంతటా?

నాగావళి: ఆమ్‌స్టర్‌డామ్‌లో స్వలింగ ప్రేమికుల స్మారకం ఉంది కదా, హోమోమాన్యుమెంట్. దాని మీద చెక్కిన డచ్చి కవి డి హాన్ పాదానికి తెలుగు ఒకటి నోట్లో ఆడుతోంది: "చెలిమి కెంతటి మేరలేనీ తపన..." కెంతటా, కింతటా? తర్వాతి పాదం కూడా ఎవరికైనా గుర్తుంటే చెప్పండి.

పాలకొండ మాస్టారు: కింతటి. మూలంలో 'జుల్క్ ఎన్' అని ఉంది, అంటే 'ఇంతటి'. 'ఎంతటి' అని ఆశ్చర్యపోవాలంటే డచ్చి వాళ్ళకి 'వాట్ ఎన్' వేరే ఉంది.

బొబ్బిలి వీణ: మాత్రలు లెక్కేస్తే చెలిమి 3, కింతటి 4, మేర 3, లేనీ 4. అచ్చంగా ముత్యాల సరం నడక! కెంతటి అన్నా నాలుగే కాబట్టి మాత్రలు ఈ తగువు తీర్చవు. 'లేని' సాగి 'లేనీ' అయిందీ ఆ నాలుగో మాత్ర కోసమే. 1910లో గురజాడ ఈ నడకని పట్టుకున్నప్పట్నుంచి విజయనగరంలో అందరి నోటా ఇదే.

పొల్లు నకారం: మాస్టారూ, 'చెలిమికిన్' ద్రుతాంతం కదా, అంటే చివర నకారం ఉన్న మాట. అచ్చు పరమైతే నకారం పోదు. 'చెలిమికి నింతటి' అనాలి.

బొబ్బిలి వీణ: అంటే నాలుగూ నాలుగూ ఎనిమిది. ఏడు మాత్రల కాలు విరిగిపోయింది. మీ నకారాన్ని కాపాడ్డానికి గురజాడ నడకని ఎందుకు బలిస్తారు? వాడుక భాషే కావాలని పోరిన మనిషి ఆయన.

పొల్లు నకారం: వాడుక భాష అంటే 'ఇంతటి' ఎందుకు, 'ఇంత' చాలదా?

టెక్కలి రాయి: మీరు నోటితో తేల్చుకుంటున్నారు గానీ ఇది రాయి మీద పడితే ఏటవుద్దో చూడండి. 'కి'కి గుడి మూసిన చుట్టు, 'కె'కి ఎత్వం తెరిచిన వంపు. తేడా అంతే. రబ్బరు షీటు మీద అక్షరం కోసి ఇసుక కొట్టేటప్పుడు గుడి మధ్య మిగిలే చిన్న ముక్క గాలికి లేచిపోతే చుట్టు కాస్తా గుంటయిపోతుంది. అప్పుడు కింతటా కెంతటా అని ఎవరూ చెప్పలేరు. అక్షరం రెండంగుళాలకు తగ్గించకూడదు, ఆ ముక్కని మళ్ళీ ఒత్తి అంటించాకే ఇసుక తుపాకి పెట్టాలి. నేల మీద పరిచే రాయైతే ఇంకా కష్టం, గుంటల్లో ఇసుక నిండిపోద్ది.

నాగావళి: నేల మీదదే. ఒక్కోటి పది మీటర్ల భుజంతో మూడు గులాబీ గ్రానైటు త్రిభుజాలు. ఒకటి మెట్లుగా కాలువలోకి దిగుతుంది, ఒకటి నేలకి అరవై సెంటీమీటర్లు లేస్తుంది, ఇంకోటి నేలతో సమానం. ఈ పాదం ఉన్నది సమంగా ఉన్నదాని మీద. మూడూ కలిస్తే 36 మీటర్ల పెద్ద త్రిభుజం. 1987లో తెరిచారు. నాజీ శిబిరాల్లో తొడిగించిన గులాబీ త్రిభుజం గుర్తు అది.

పాలకొండ మాస్టారు: 'మేరలేని'కి మూలంలో ఉన్న 'మాటెలోస్'లో 'మాట్' అంటే కొలత. కాబట్టి 'మేరలేని' సరే. మన 'మితి' కూడా ఆ కుదురుదే అనిపిస్తోంది, 'అమితం' అంటే సరి.

పొల్లు నకారం: ధ్వని కలిస్తే చుట్టరికమా మాస్టారూ? 'అమితం' అంటే ఎక్కువ అని అర్థం జారిపోయింది. 'మేర'లో ఇంకా గట్టు కనిపిస్తుంది.

బొబ్బిలి వీణ: ఆ పాదమున్న కవిత పేరు 'యువ జాలరికి'. మన తీరంలో 'చేపలోడు' అంటే అమ్మేవాడు. సముద్రానికెళ్ళేవాణ్ణి 'వేటకెళ్ళేవాడు' అంటాం. పేరు 'వేటకెళ్ళే కుర్రాడికి' అని ఉంటే పాదమే మారేది.

పాలకొండ మాస్టారు: బెర్లిన్‌లో నోలెన్‌డోర్ఫ్‌ప్లాట్స్ దగ్గర, 1989లో స్వలింగ ప్రేమికుల స్మారకంగా పెట్టిన ఫలకం ఇంకా చిక్కుది. 'టోట్‌గెష్లాగెన్, టోట్‌గెష్వీగెన్'. కొట్టి చంపడం, మాటెత్తకుండా చంపడం. 'టోట్' రెండుసార్లు మోగాలి. తెలుగులో ఎవరైనా ప్రయత్నించండి.

టెక్కలి రాయి: "కొట్టి చంపారు, కిమ్మనక చంపారు." ఇందులోనూ గుడి ఉంది, జాగ్రత్త.

నాగావళి: 'తపన' తర్వాత ఏటండీ?