డీటీపీ షాపుకి విండోస్ 11 అవసరమా?

తెనాలి_పేజీలు

అందరికీ నమస్కారం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది. అప్పటి నుంచి షాపుకొచ్చిన ప్రతివాళ్లూ "ఇంకా పదేనా అన్నా" అని అడుగుతున్నారు. మా దగ్గర పేజీలు పెట్టే పేజ్‌మేకర్ 7, ఒక పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్, దానికి తాళంచెవిలాంటి ఒక యూఎస్‌బీ డాంగిల్ ఉన్నాయి. కరపత్రాలు, శుభలేఖలు, స్కూలు సావనీర్లు, అప్పుడప్పుడు కవితా సంపుటాలు చేస్తాం. ఇవన్నీ ఆ డాంగిల్ మీదే నడుస్తాయి.

ఉన్నవాటిలో కొత్త సిస్టమ్‌ని సర్వీసు కుర్రాడికిచ్చి 11 వేయించాను. ఇంటికొచ్చాక డాంగిల్ లైటు వెలుగుతోంది, సాఫ్ట్‌వేర్ మాత్రం డాంగిల్ లేదంటోంది. పాత ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కనిపిస్తున్నాయి. పెళ్లిళ్ల సీజన్లో పని ఆగిపోయింది. నెట్‌తో పెద్దగా పనిలేని డీటీపీ షాపుకి 11 ఎందుకు? గట్టి కారణం ఒక్కటి చెప్పండి. నేను మాత్రం 10 మీదే ఉండాలంటాను.

ఓరుగల్లు_ఆఫ్‌సెట్

మా దగ్గర ఇప్పటికీ 7 నడుస్తోంది అన్నా. నెట్ తీసేసినం. ఏ లొల్లీ లేదు.

సిస్టమ్_మాస్టారు

తెనాలి గారూ, మీ పాత విండోస్ 10 ఎన్ని బిట్లది? 32 అయితే సంగతి ఒకటి, 64 అయితే ఇంకొకటి. ముందది చెప్పండి.

కారణం అడిగారు కాబట్టి చెబుతున్నాను. 2017 మే నెలలో, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వాన్నక్రై వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా చిక్కుకున్నాయి. అది దూరిన విండోస్ రంధ్రాన్ని మూసే ప్యాచ్ మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో ఇచ్చింది. దెబ్బతిన్నవాళ్లంతా ఆ ప్యాచ్ వేసుకోనివాళ్లే. ఇప్పుడు విండోస్ 10లో కొత్త రంధ్రం బయటపడితే మామూలు వాడకందారుకి దానంతటది ప్యాచ్ రాదు. నెట్‌తో పనిలేదన్నారు. మరి మ్యాటర్ మీకెలా వస్తోంది? వాట్సాప్ వెబ్‌లోనూ పెన్‌డ్రైవ్‌లోనూ కాదా? ఊళ్లో అందరి పెన్‌డ్రైవ్‌లూ వచ్చి దూరే సిస్టమ్ డీటీపీ వాళ్లదే.

11 నచ్చకపోతే అప్‌గ్రేడ్ చేసిన పది రోజుల్లోపు సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి "గో బ్యాక్" నొక్కితే పాతది తిరిగి వస్తుంది. అదైనా ప్రయత్నించారా?

తెనాలి_పేజీలు

మాస్టారూ, పెన్‌డ్రైవ్ పెట్టగానే స్కాన్ చేయకుండా మా షాపులో ఫైలు తెరవరు. ఇన్నేళ్లలో ఒక్క వైరస్ సమస్య కూడా రాలేదు. పోలీసు స్టేషన్ల సంగతి నాకెందుకు? ఆ గో బ్యాక్ ఇక్కడ కనిపించడం లేదు. కుర్రాడు సి డ్రైవ్ ఫార్మాట్ చేసి వేశాడు. "అన్నా, ఫ్రెష్‌గా వేస్తే స్పీడుంటది" అన్నాడు. స్పీడ్ నేను అడగలేదు.

శుభలేఖల_అక్క

నాదీ ఇలాంటి బాధే, కాస్త వేరు. విజయవాడలో మాది చిన్న షాపు. మేం వర్డ్‌లో గౌతమి ఫాంట్‌లో చాలా దస్తావేజులు టైపు చేసి పెట్టుకున్నాం. 11 వేయించాక గౌతమి లేదు. అక్షరాలు వేరే రూపంలో వస్తున్నాయి, లైన్లు జారి స్టాంపు పేపరు మీద లెక్క తప్పుతోంది. ఫాంట్ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? నెట్‌లో దొరికేవాటి మీద నమ్మకం లేదు.

సిస్టమ్_మాస్టారు

అమ్మా, ఎక్కడి నుంచో తేనక్కర్లేదు. గౌతమి, వాణి ఇప్పుడు విండోస్‌తో పాటు వాటంతటవే రావు. వాటి బదులు నిర్మల యూఐ వస్తోంది. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ అని వెతకండి. అందులో "తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్" ఉంటుంది. టిక్ పెట్టి ఇన్‌స్టాల్ నొక్కండి. నెట్ ఉండాలి. ఆ తర్వాత వర్డ్ మూసి తెరిస్తే మీ లైన్లు మళ్లీ పాత చోటికి వస్తాయి.

తెనాలి గారూ, ఎన్ని బిట్లో మీరింకా చెప్పలేదు.

శుభలేఖల_అక్క

వచ్చేసింది మాస్టారూ! చాలా థాంక్స్. పొద్దుటి నుంచి పడిన టెన్షన్ పోయింది.

చీపురుపల్లి_డీటీపీ

మా సిస్టమ్ ఆన్ చేస్తే నీలం తెరమీద బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతోంది. అదెక్కడుంటుంది?

సిస్టమ్_మాస్టారు

బిట్‌లాకర్ అంటే డిస్కుకి విండోస్ వేసే తాళం, దాని రికవరీ కీ 48 అంకెలది. 11 వేసేటప్పుడు ఏ మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యారో ఆ ఖాతాలోకి ఫోన్ నుంచి వెళ్లి చూడండి, డివైసెస్ కింద ఉండే అవకాశం ఎక్కువ. సర్వీసు వాళ్లు తమ మెయిల్‌తో లాగిన్ చేసి ఇచ్చి ఉంటే కీ వాళ్ల ఖాతాలో ఉంటుంది, ఆలస్యం చేయకుండా వాళ్లని పట్టుకోండి. ఆ కీ లేకపోతే డిస్కులోని డేటా రాదు. ఎవరికైనా సిస్టమ్ ఇచ్చేటప్పుడు "నా మెయిల్‌తోనే లాగిన్ చెయ్యి" అని నిలబడి చేయించుకోండి.

తెనాలి_పేజీలు

చూశారుగా! ఒకరికి ఫాంట్ పోయింది, ఒకరికి తాళమే పడింది. ఇవన్నీ 10లో ఉన్నాయా? సెక్యూరిటీ అంటారు, తీరా మన డేటా మనకే అందకుండా పోతోంది. మా పాత సిస్టమ్‌లు రెండూ నాలుగో జనరేషన్ ప్రాసెసర్‌వి. 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలట. అంటే బాగా నడుస్తున్న రెండు సిస్టమ్‌లు చెత్తలో పడేయాలి. డబ్బులు ఎవరిస్తారు?

ఓరుగల్లు_ఆఫ్‌సెట్

రూఫస్ అనే టూల్‌తో ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ చేస్తే ఆ చెకింగ్ దాటొచ్చు అన్నా.

సిస్టమ్_మాస్టారు

దాటొచ్చు. కానీ అర్హత లేని సిస్టమ్‌లకి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. అప్‌డేట్ల కోసమే 11కి వెళ్తూ, ఆ హామీ లేకుండా వెళ్లడమెందుకు? పాతవాటికి ఈఎస్‌యూ అని, సపోర్ట్ ఆగాక కూడా ప్యాచ్‌లిచ్చే పథకం ఉంది. వ్యక్తిగత వాడకానికైతే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తారు. వ్యాపార సంస్థలకి ధర వేరు, మొదటి ఏడాదికి సిస్టమ్‌కి 61 డాలర్లు, ఏటా రెట్టింపు.

మూడోసారి అడుగుతున్నాను. 32 బిట్టా, 64 బిట్టా?

నల్గొండ_అక్షరం

అందరూ విండోస్‌ని తిడుతున్నారు. అసలు సంగతి అది కాదు. తెనాలి అన్నా, మీ పాత ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తున్నాయన్నారు. కనిపించడమేంటి, లోపల ఉన్నవే అవి. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు గీసి పెట్టారు. ఒక్కో గుడి, ఒక్కో కొమ్ము ఒక్కో గుర్తు. ఫాంట్ తీసేస్తే తెలుగు ఉండదు. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే యూనికోడ్‌లో టైపు చేసిన ఫైలు 10లో అయినా 11లో అయినా, ఫోన్లో అయినా తెలుగుగానే తెరుచుకుంటుంది. అక్క ఫైళ్లు చూడండి. ఫాంట్ పోయినా అక్షరాలు పోలేదు, రూపం మాత్రం మారింది. మీకేమో మొత్తం పోయింది. అది విండోస్ తప్పా?

పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. 2004లో అడోబీ దాని అభివృద్ధి ఆపేసింది. అడోబీదే ఇంకో పేజీ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో సీఎస్6 వెర్షన్ వరకే ఆ ఫైళ్లు తెరుచుకుంటాయి, తర్వాతి వెర్షన్లలో తెరుచుకోవు. ఇంకెన్నాళ్లు పట్టుకుని వేలాడతాం? ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఆన్ చేసుకుంటే వత్తులు చక్కగా పడుతున్నాయి. మండలి, సురవరం, రామభద్ర, ధూర్జటి లాంటి ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి.

తెనాలి_పేజీలు

తమ్ముడూ, నువ్వు చేతులతో ఎన్ని శుభలేఖలు వేశావో నాకు తెలియదు. ఉచిత ఫాంట్లు పట్టుమని ఎన్ని? శుభలేఖకి ఒక రకం కావాలి, కరపత్రం హెడ్డింగుకి ఇంకో రకం, సంతాప సభ కార్డుకి మరో రకం. మా సాఫ్ట్‌వేర్‌లో అవన్నీ ఉన్నాయి. ఇక కీబోర్డు. యాపిల్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్‌లో నా వేళ్లు చూడకుండా పరిగెడతాయి. మొత్తం మార్చుకుని ఇన్‌స్క్రిప్ట్ అనే ఇంకో లేఅవుట్ నేర్చుకోమంటే ఆ నెలల్లో నా ఇల్లు ఎవరు నడుపుతారు?

పెద్ద పెద్ద మాటలు చెప్పకండి. ఇన్‌డిజైన్‌కి నెలనెలా కట్టాలి. శుభలేఖ డిజైన్‌కి ఊళ్లో ఎంతిస్తారో తెలుసా?

నల్గొండ_అక్షరం

కీబోర్డు సాకు చెప్పకండన్నా. యాపిల్ లేఅవుట్‌తోనే యూనికోడ్ టైపు చేసే కీబోర్డులు ఉన్నాయి. మీకు మారడం ఇష్టం లేదు, అంతే.

తెనాలి_పేజీలు

సాకా? సరే, ఇష్టం లేదు! ఎందుకు లేదో విను.

ఒకాయన పుస్తకం మొత్తం ఫోన్లో టైపు చేసుకుని పట్టుకొచ్చాడు. "మ్యాటర్ రెడీగా ఉంది, పేజీలు పెట్టండి చాలు, టైపింగ్ డబ్బులు ఇవ్వను" అన్నాడు. చూస్తే లైనుకో తప్పు. శ, ష, స తేడా లేదు, ఒత్తులు లేవు, చుక్క ముందు ఖాళీ, తర్వాత లేదు. అవన్నీ దిద్దడానికి నేను మొదటి నుంచి టైపు చేసినంత సమయం పట్టింది. పేజీ రేటు అడిగితే "నువ్వు టైపు చేయలేదుగా" అన్నాడు. ఇప్పుడు చెప్పు. యూనికోడ్ వస్తే నా పనికి ధర ఎక్కడుంది? డీటీపీ వాడు బతికింది టైపింగ్ మీద. ఇప్పుడది మీరు ఫోన్లోకి తీసుకెళ్లారు. పాత సాఫ్ట్‌వేర్ ఉన్నంతకాలం ఆ మ్యాటర్ నా దగ్గరికి రావాల్సిందే, నేను టైపు చేయాల్సిందే. విండోస్ 11 నాకేం చేయక్కర్లేదు, నన్ను వదిలేస్తే చాలు.

నల్గొండ_అక్షరం

ఇంతసేపూ డాంగిల్ అన్నారు, ఫాంట్లన్నారు. అసలు మాట ఇది.

నా వైపు సంగతి కూడా వినండి. మా నాన్న రాసిన పద్యాలు ఒక షాపులో వేయించాం. ఆయన పోయాక రెండో ముద్రణ వేద్దామనుకుంటే ఆ షాపు లేదు. ఫైలు సీడీలో దొరికింది. తెరిస్తే గుర్తులు. ఆ ఫాంట్ ఏ వెర్షనో చెప్పేవాళ్లు లేరు. అచ్చయిన పుస్తకం ముందు పెట్టుకుని మొత్తం మళ్లీ టైపు చేశాను. మీ దగ్గర ఎంతమంది కవుల పుస్తకాలు అలా ఉన్నాయి? మీ డాంగిల్ పాడైన రోజు అవన్నీ ఏమవుతాయి? మీ టైపింగ్ రేటు కోసం వాళ్ల రాతలు తాళం వేసి ఉంచుతారా?

తెనాలి_పేజీలు

నేను ఎవరి రాతలకీ తాళం వేయలేదు! నోరు అదుపులో పెట్టుకో. ఆ ఫైళ్లన్నీ ఇన్నేళ్లుగా హార్డ్ డిస్కులు మార్చి మార్చి కాపాడింది నేను. రాసినవాళ్లకి గుర్తు కూడా లేదు.

నిర్వాహకుడు

ఇద్దరూ కాస్త తగ్గండి. "నోరు", "సాకు" లాంటి మాటలు వద్దు. ప్రశ్న మీద మాట్లాడండి.

శుభలేఖల_అక్క

తమ్ముడు మరీ దూకుడుగా అన్నాడు గానీ, నాన్నగారి పుస్తకం సంగతి విన్నాక నాకూ మనసు కలుక్కుమంది. అన్నయ్య చెప్పిన రేటు బాధ కూడా నిజం. మాకూ ఫోన్ మ్యాటర్లు వస్తున్నాయి. మేం టైపింగ్ అనే మాట బిల్లులోంచి తీసేశాం. ప్రూఫ్ దిద్దడానికి ఒక రేటు, పేజీలు పెట్టడానికి ఇంకో రేటు అని బోర్డు పెట్టాం. మొదట్లో గొణిగారు. తప్పులన్నీ ఎర్ర సిరాతో గీసి కాగితం చేతిలో పెడితే ఒప్పుకుంటున్నారు.

యూనికోడ్‌లోకి మార్చడం కూడా బటన్ నొక్కితే అయిపోయే పని కాదు తమ్ముడూ. పాత ఫైలు కాపీ చేసి కన్వర్టర్‌లో వేస్తే మధ్యలో ఉన్న నిజమైన ఇంగ్లీషు మాటల్ని కూడా అది తెలుగు ముక్కలుగా మార్చేస్తుంది. రెండింటి లోపలా అవే గుర్తులు కదా. ఫోన్ నంబర్లు, డిగ్రీలు, పేర్ల ముందు ఇంగ్లీషు అక్షరాలు అన్నీ గల్లంతవుతాయి. ఒకరు కూర్చుని మళ్లీ చదవాల్సిందే. ఆ చదివే మనిషికి కూలి ఎవరిస్తారన్నదే అన్నయ్య అడుగుతున్నది.

సిస్టమ్_మాస్టారు

నాలుగోసారి.

తెనాలి_పేజీలు

32 బిట్ మాస్టారూ! డాంగిల్ కోసమే 32 వేయించుకున్నాం. ఇప్పుడు చెప్పండి.

సిస్టమ్_మాస్టారు

అదీ సంగతి. విండోస్ 11లో 32 బిట్ అనేదే లేదు. అందుకే 32 నుంచి మామూలు అప్‌గ్రేడ్ కుదరదు, ఫార్మాట్ చేయక తప్పదు. కుర్రాడు స్పీడ్ అని ఏదో చెప్పాడు గానీ వేరే దారి లేదు. ఫార్మాట్ చేశాక గో బ్యాక్ ఉండదు. డాంగిల్‌ని విండోస్‌కి కలిపే ప్రోగ్రామే డ్రైవర్; 64 బిట్ విండోస్ 32 బిట్ డ్రైవర్‌ని లోపలికి రానివ్వదు, అందుకే లైటు వెలుగుతున్నా డాంగిల్ దొరకడం లేదు. పేజ్‌మేకర్ 32 బిట్ ప్రోగ్రామే అయినా డ్రైవర్ కాదు కాబట్టి అది నడవొచ్చు.

రెండు పనులు చేయండి. డాంగిల్ కంపెనీ వాళ్లని 64 బిట్ డ్రైవర్ అడగండి. ఉంటే గొడవ తీరింది. అది వేసినా పనిచేయకపోతే విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటిగ్రిటీ ఆ పాత డ్రైవర్‌ని ఆపుతోందేమో చూడండి. దాన్ని ఆపేస్తే రక్షణ తగ్గుతుంది, తెలిసి చేయండి. డ్రైవరే లేకపోతే 11 లోపలే ఇంకో విండోస్‌ని నడిపే వర్చువల్‌బాక్స్ పెట్టి అందులో మీ లైసెన్సుతో పాత 32 బిట్ విండోస్ వేసి, డాంగిల్‌ని యూఎస్‌బీ ఫిల్టర్‌తో దానికి అప్పగించండి. ఆ లోపలి విండోస్‌కి నెట్ ఇవ్వకండి. వాట్సాప్, మెయిల్ బయట 11లో చూసుకోండి.

ఇంకొకటి. నాలుగో జనరేషన్ సిస్టమ్‌లో డాంగిల్ బాగా ఉన్నప్పుడే పాత ఫైళ్లన్నీ ఫాంట్లు లోపలే ఉండేలా ఎంబెడ్ చేసి పీడీఎఫ్ తీసి పెట్టండి. అందులో తెలుగు వెతకడం కుదరదు, కానీ ఏ సిస్టమ్‌లో తెరిచినా పేజీ అచ్చు మీరు పెట్టినట్టే ఉంటుంది.

తెనాలి_పేజీలు

ఆ మూడు ముక్కలూ మొదటే చెబితే ఇంత గొడవ ఉండేది కాదు. సరే, పీడీఎఫ్‌లు రేపటి నుంచి తీస్తాను. పాత రెండు సిస్టమ్‌లకీ నెట్ పీకేస్తాను, అవి 10 మీదే ఉంటాయి. ఈ మాట మాత్రం మార్చను.

నల్గొండ తమ్ముడికి: కవుల పీడీఎఫ్‌లు వాళ్లకే ఇస్తాను, డబ్బు అడగను. యూనికోడ్‌లోకి మార్చి ఇవ్వమంటే మాత్రం అక్క చెప్పినట్టు చదివినందుకు పేజీకింత తీసుకుంటాను.

నల్గొండ_అక్షరం

పీడీఎఫ్ ఇస్తానన్నందుకు సంతోషం అన్నా. కానీ మొదటిసారి టైపు చేసినప్పుడే ఆ కవి మీకు పేజీకింత కట్టాడు. ఆ అక్షరాలు ఆయనవే. మళ్లీ డబ్బులెందుకు?

తెనాలి_పేజీలు

అప్పుడు కట్టింది పుస్తకం అచ్చుకి. అచ్చయింది, తీసుకెళ్లాడు. ఇప్పుడడిగేది కొత్త పని. నువ్వు మీ నాన్నగారి పుస్తకం మళ్లీ టైపు చేశావు కదా, అదే పని బయటివాళ్లకి ఊరికే చేసిపెడతావా?

నల్గొండ_అక్షరం

చేస్తాను. మీ దగ్గరున్న కవితా సంపుటాల్లో ఒకటి పంపండి, రచయిత ఒప్పుకుంటే మార్చి చదివి ఇస్తాను. రేటు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

చీపురుపల్లి_డీటీపీ

కీ సర్వీసు అబ్బాయి మెయిల్‌లోనే ఉంది మాస్టారూ. సిస్టమ్ తెరుచుకుంది. ఇప్పుడు ఖాతా నా పేరుకి మార్చుకోవడం ఎలా?