అప్‌డేట్: హ్యూస్టన్‌లో టమాటా పూత రాలిపోతోందని అడిగాను కదా

జూన్‌లో మా పెరటి టమాటాలు ఏపుగా పెరిగి, పూసిన పువ్వల్లా రాలిపోతుంటే ఏ ఎరువు వేయాలని ఇక్కడ అడిగాను. ఎరువుతో పనిలేదు, రాత్రి వేడే కారణమని చెప్పినవాళ్లకి పేరుపేరునా దణ్ణాలు. అక్షరాలా అదే. ఇక్కడ నడి వేసవిలో చాలా రాత్రులు 24 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగవు. ఆ వేడికి పుప్పొడి దెబ్బతింటుంది. పైగా గాలిలో తేమ, ఉన్న పుప్పొడి కూడా అంటుకుపోయి సరిగా రాలదు. ఎంత ఎరువు వేస్తే మాత్రం పిందె ఎక్కడ కడుతుంది!

మీరు చెప్పినట్టే ఆగస్టు మొదట్లో చెర్రీ రకం నారు కొత్తగా నాటాను. మధ్యాహ్నం ఎండ తగలకుండా పాత నూలు చీర పందిరిలా కట్టాను, మొదళ్లలో ఎండుటాకులు పరిచాను. అక్టోబర్‌లో రాత్రులు చల్లబడ్డాయో లేదో, పిందెలు! ఇప్పుడు గుత్తులు గుత్తులుగా కాస్తున్నాయి. నాకైతే పట్టరాని సంతోషంగా ఉంది.

గోంగూర, బచ్చలి మాత్రం ఆ ఉక్కలోనే చెలరేగాయి. కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు ఇక్కడి వేసవిని వాటికే వదిలేయండి. పొద్దు తగ్గేసరికి గోంగూర పూతకొచ్చింది కాబట్టి ఆ మడిలో మెంతులు, ధనియాలు చల్లాను. మంచు పడే రాత్రి టమాటాలకు దుప్పటి కప్పితే చాలా, పచ్చికాయలు ముందే కోసేయాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.