సముద్రపు లంగరులోంచి ఉప్పు దిగడం ఆగిపోయింది, కరెంటు ఎంత పెట్టాలి?

మచిలీపట్నం తీరంలో వలకు చిక్కిన పాత లంగరు ఇది. కొట్టి చేసిన ఇనుము, పొడవు 62 సెంటీమీటర్లు, బరువు 11 కిలోలు. ఉగాది తర్వాత హైదరాబాద్‌లో పిల్లలకు ఓడల చరిత్ర ప్రదర్శనలో పెట్టాలి.

లోపలి ఉప్పు దిగడానికి దీన్ని నానబెట్టిన ప్లాస్టిక్ డ్రమ్ములో 60 లీటర్ల డిస్టిల్డ్ వాటర్, 1.2 కిలోల కాస్టిక్ సోడా, అంటే 2 శాతం. నెలకోసారి నీళ్లు మారుస్తున్నాను. పారబోసే ముందు తీసిన క్లోరైడ్ (నీళ్లలోకి దిగిన ఉప్పుకు కొలత) రీడింగులు వరసగా 900, 410, 180, 170, 175 పీపీఎం. చివరి మూడు నెలలుగా కదలిక లేదు. నమూనాను నైట్రిక్ యాసిడ్‌తో పీహెచ్ 7కి (తటస్థ స్థాయికి) తెచ్చాకే క్లోరైడ్ కొలిచే స్ట్రిప్ ముంచుతున్నాను, లేకపోతే రీడింగు తప్పు చూపిస్తుంది. కొత్త ద్రావణంలో 20 లోపే ఉంది కాబట్టి నీళ్ల తప్పు కాదు.

మధ్యలో ఒకసారి ఆరబెట్టి, తుప్పు పట్టకుండా టానిక్ యాసిడ్, మైనం పూశాను. తొందరపడకుండా ఉండాల్సింది. మూడో రోజుకే రింగు అతికిన చోట ఆవగింజంత నారింజ రంగు చెమట బొట్లు, పక్కనే గోరుతో తాకితే లేచే పొర. లోపల ఉప్పు మిగిలే ఉంది. మైనం తీసేసి మళ్లీ డ్రమ్ములో వేశాను.

ఇక ఎలక్ట్రాలిసిస్సే, అంటే ద్రావణంలో కరెంటు పంపి ఉప్పును బయటికి లాగడమే, దారి అనుకుంటున్నాను. కరెంటు తగ్గించుకోగల 12 వోల్టుల సప్లై, చుట్టూ పెట్టడానికి మైల్డ్ స్టీల్ జాలీ ఉన్నాయి. భయమల్లా హైడ్రోజన్ బుడగలు పొరల్ని ఊడగొడతాయేమోనని.

ఇలా పొరలు విడుతున్న ఇనుముకు చదరపు సెంటీమీటరుకు ఎన్ని మిల్లీఆంపియర్ల దగ్గర మొదలుపెట్టాలి?