షూటింగ్ పెయిన్‌ని మీ ఊళ్ళో ఏమంటారు?

అమలాపురం దగ్గర ఫిజియోథెరపీ చేస్తుంటానండి. నొప్పి తీరు అడిగే కాగితం ఒకటి తెలుగులో తయారుచేస్తున్నాను. 1975లో కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రోనాల్డ్ మెల్జాక్ ప్రచురించిన మెక్‌గిల్ నొప్పి ప్రశ్నావళిలో నొప్పి మాటలే 78, 20 గుంపులుగా ఉన్నాయి. త్రాబింగ్‌కి సలుపు, స్టాబింగ్‌కి పోటు బాగానే కుదిరాయి. చిక్కల్లా షూటింగ్ దగ్గరే, అంటే ఒకచోట మొదలై ఇంకోచోటికి జివ్వున పాకే నొప్పి. ఊడ్పులకెళ్ళే ఆడవాళ్ళు నడుం పట్టుకుని "ఇక్కణ్ణించి పిక్కదాకా జివ్వుమని లాగేత్తందండి" అంటారు. ఎంత స్పష్టంగా చెబుతారో! నరం నొక్కుకుందేమోనని అక్కడే అనుమానం వస్తుంది. దానికి ఒక్క మాట కావాలి. ట్వింజ్‌కి, అంటే ఉన్నట్టుండి ఒక్క క్షణం వచ్చిపోయే నొప్పికి, కలుక్కు అనొచ్చా, చురుక్కా? 'తీవ్రవేదన' లాంటివి వద్దండి, కొబ్బరి దింపు తీసేవాళ్ళకి అర్థం కావాలి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటారో, ఏ ఊరో కూడా రాయండి.