తెలుగులో పేరు టాటూ: హనుమకొండలో ఎవరి దగ్గర వేయించుకోవాలో ఎట్ల తేల్చుకోవాలె?

ఓరుగల్లు_పోరడు:
ఎడమ ముంజేతి లోపలి వైపు అమ్మ పేరు 'రాజ్యలక్ష్మి' అని తెలుగులో వేయించుకుందామనుకుంటున్న. పొడవు ఇంచున్నర. హనుమకొండ చౌరస్తా దిక్కు రెండు షాపులు చూసిన. ఒకాయన 1,500, ఇంకొకాయన 3,500 చెప్తున్నరు. ఇద్దరి ఇన్‌స్టా పేజీలూ మంచిగనే ఉన్నయి. దేన్ని చూసి ఎంచుకోవాలె? వచ్చే ఏడాది ఎస్‌ఎస్‌సీ జీడీకి (కేంద్ర బలగాలల్ల కానిస్టేబుల్ ఉద్యోగాల పరీక్ష) పోతున్న, దానికేమన్న అడ్డమైతదా?

సూది_సిరా:
ఇన్‌స్టాలో ఉండేవన్నీ వేసిన ఐదు నిమిషాలకు తీసిన ఫొటోలు. అప్పుడు ఎవరు వేసినా నల్లగ నిగనిగలాడుతది. ఆరు నెలలు దాటిన తెలుగు అక్షరాల ఫొటోలు రెండు మూడు చూపించుమని అడుగు. చూపించలేకపోతే అక్కడ వేయించుకోకు.

ఆ ఫొటోల్ల గీత అంచు చూడు. చుట్టూ నీలంగ మసకలాగ పాకి ఉంటే సూది లోతుకు దిగినట్టు. సిరా నిలవాల్సింది చర్మం రెండో పొరల, అంటే సుమారు ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల లోతుల. అంతకంటె కిందికి పోతే సిరా పాకుతది, పైపైన పొడిస్తే పొక్కుతో పాటు రాలి గీత తెగిపోతది. ముంజేతి లోపల చర్మం పలుచన, వేసేటాయన చెయ్యి బరువైతే ముందు అక్కడే తెలుస్తది.

ఇంకోటి, ఇంగ్లిష్ పేర్లు మంచిగ వేసినోళ్లు తెలుగు కూడా గట్లనే వేస్తరనుకోకు. మన అక్షరాలన్నీ వంపులే. వంపు మధ్యల చెయ్యి ఆపి మళ్లీ మొదలుపెడితే అక్కడ గీత రెండుగ కనిపిస్తది.

ఇంచున్నర మాత్రం చాలదు. నాలుగు అక్షరాలకు పంచితే ఒక్కోదానికి సెంటీమీటరు కూడా రాదు. 'క్ష్మి'ల పైన గుడి, పక్కన ష వత్తు, కింద మ వత్తు. ఆ మ వత్తు మూడు మిల్లీమీటర్లే ఉంటది. ఏండ్లు గడిచేకొద్దీ గీత లావై వత్తు లోపలి సందు పూడుకపోతది, చూసేటోళ్లకు నల్ల చుక్కే. కనీసం మూడించులు పెట్టించు.

కాజీపేట_జంక్షన్:
ధర తేడా చూసి మోసపోవద్దు, ఎక్కువ తీసుకునేవాళ్లంతా శుభ్రంగా ఉంటారని లేదు. నెల తర్వాత తెగిన గీతలు దిద్దే టచప్ అందులోనే కలిపి ఉందా అని అడగండి.

షాపులో కూర్చుని గమనించాల్సినవి: కార్ట్రిడ్జ్ (మెషిన్‌కు తగిలించే సూదుల గొట్టం) సీలు మీ ముందే విప్పాలి, ప్యాకెట్ మీద ఎక్స్‌పైరీ తేదీ చదవండి. లోపల సన్నటి రబ్బరు పొర ఉన్న రకమేనా అడగండి. రక్తం, సిరా వెనక్కి మెషిన్‌లోకి పోకుండా ఆపేది అదే. సిరాను సీసా నుంచి చిన్న మూతల్లో పోసుకుని, మిగిలింది పారేయాలి. సిరా పలచన చేయడానికి కుళాయి నీళ్లు గానీ, క్యాన్ నీళ్లు గానీ కలిపితే లేచి వచ్చేయండి, నీళ్లలోని సూక్ష్మజీవులతో నెలల తరబడి మానని కురుపులు వస్తాయి. వెంట్రుకలు తీసే బ్లేడు కొత్తది కావాలి. గ్లౌజులతోనే ఫోన్ ఎత్తి, అవే చేతులతో మళ్లీ పని మొదలుపెట్టేవాళ్లూ ఉంటారు.

స్టీలు గ్రిప్ (మెషిన్ పట్టుకునే పిడి) వాడితే ఆటోక్లేవ్, అంటే ఆవిరి పీడనంతో సూక్ష్మజీవుల్ని చంపే యంత్రం, ఉండాలి: 121 డిగ్రీలు, 15 పౌండ్ల పీడనం, కనీసం 15 నిమిషాలు. నీలం లైటు పెట్టె చూపించి 'స్టెరిలైజ్ అయింది' అంటే నమ్మకండి, అది శుభ్రం చేసినవి దాచుకునే డబ్బా మాత్రమే. డెటాల్‌లో ముంచడం అసలు లెక్కలోకే రాదు. జాతరల్లో ఒకే సూదితో వరుసగా పొడిపించుకుంటే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ సోకే ప్రమాదం ఉన్నట్టే, శుభ్రం లేని షాపులోనూ ఉంటుంది. రక్తదానం చేసే అలవాటుంటే టాటూ తర్వాత 12 నెలలు ఆగాలి.

గ్రౌండ్_అయిదు_కిలోమీటర్లు:
జీడీ సంగతి చెప్త. కేంద్ర బలగాలల్ల పేరు, దేవుని బొమ్మ ఒప్పుకుంటరు. ముంజేతి మీదైతే లోపలి వైపు, అదీ ఎడమ చేతికే, ఎందుకంటే సెల్యూట్ కొట్టేది కుడి చెయ్యి. సైజు ఆ భాగంల నాలుగో వంతు కంటె తక్కువుండాలె. అందుకే పైన అన్న మూడించులకు నేను ఒప్పుకోను. రెండున్నర పెట్టి, గీత సన్నగ వేయించు. పేరు చుట్టూ తీగలు, ఈకలు వద్దు. నీ నోటిఫికేషన్ల టాటూ పేరా చదివినంకనే షాపుకు పో.

వేయించుకున్నంక నాలుగు రోజులు గ్రౌండ్‌ల ఉరుకుడు బంద్, చెమటతోని మంట లేస్తది. మూడు వారాలు వడ్డేపల్లి చెరువుల ఈత బంద్. పొక్కు గోకితే అక్కడ సిరా పోతది.

ఓరుగల్లు_పోరడు:
రెండున్నర ఇంచులే ఫిక్స్. స్టెన్సిల్ (సూది పెట్టేముందు చర్మం మీద అతికించే పేరు అచ్చు) దగ్గర ఏమన్న చూస్కోవాలెనా?

సూది_సిరా:
సరే, రెండున్నర అయినా పర్వాలేదు, మ వత్తు జర వెడల్పు గీయించు. పేరును ఆయన కంప్యూటర్ల టైపు చేయనియ్యకు. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లల్ల తెలుగు వత్తులు విడిపోతయి, 'క్ష్మి' కాస్తా 'క్‌ష్‌మి' అయితది. నువ్వే ఫోన్ల టైపు చేసి బొమ్మగ పంపు. స్టెన్సిల్ అతికినంక పదిహేను నిమిషాలు ఆరనియ్యి. అప్పటిదాకా చెయ్యి మామూలుగ కిందికి దించి నిలబడి, పేరు తిన్నగుందా చూడు. బల్ల మీద చాపినప్పుడు తిన్నగున్న పేరు, చెయ్యి తిప్పంగనే వంకర పోతది. అట్లైతే తుడిపించి మళ్లీ పెట్టించు, రెండుసార్లైనా మొహమాటపడకు.