చాప్లిన్ తగలబెట్టించిన సినిమా స్టిల్స్ ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. మా ఫిల్మ్ క్లబ్‌లో వచ్చే నెల మూకీల మీద మాట్లాడే వంతు నాది. ఎంచుకున్నది ఎవరూ చూడలేని సినిమా, అదే నా టెన్షన్!

1926లో చార్లీ చాప్లిన్ నిర్మించిన 'ఎ ఉమన్ ఆఫ్ ది సీ' గురించి. మొదటి పేరు 'ది సీ గల్'. దర్శకుడు జోసెఫ్ వాన్ స్టెర్న్‌బర్గ్, హీరోయిన్ ఎడ్నా పర్వియాన్స్, చాప్లిన్ పాత సినిమాల నాయిక. కాలిఫోర్నియా తీరంలో, మాంటెరే దగ్గర జాలరి కుటుంబం కథగా తీశారు. చాప్లిన్ దాన్ని విడుదల చేయలేదు. 1933లో పన్ను లెక్కల కోసం నెగెటివ్‌ను సాక్షుల ముందు కాల్చేశారు. అప్పటి రీళ్లు నైట్రేట్ అనే ఇట్టే మండిపోయే పదార్థంతో చేసినవి కదా, అంటుకుంటే నీళ్లు పోసినా ఆరవు. ఆ మంట తలుచుకుంటేనే ప్రాణం ఉసూరుమంటుంది. పాపం ఎడ్నాకు ఇది మళ్లీ నిలదొక్కుకునే అవకాశం. చాప్లిన్ ఆమెకు చివరిదాకా జీతం ఇస్తూనే ఉన్నాడట, కానీ సినిమా మాత్రం బూడిదైంది.

షూటింగ్ స్టిల్స్ కొన్ని మిగిలాయి. నా దగ్గరున్నది ఒక్కటే, అదీ ఫోన్‌లో పెద్దది చేస్తే మొహాలు చుక్కలైపోతున్నాయి. తెర మీద వేయడానికి పనికొచ్చే స్టిల్స్ ఎక్కడ దొరుకుతాయి? చాప్లిన్ కాగితాలను డిజిటైజ్ చేసిన ఇటలీలోని బొలోన్యా సినిమాటెక్‌కు (పాత సినిమాలు భద్రపరిచే సంస్థ) రాస్తే మనలాంటి వాళ్లకు జవాబిస్తారా? ఇంకో సందేహం: తీసిన సినిమాను కాల్చేస్తే పన్ను ఎలా తగ్గుతుంది? అకౌంట్స్ తెలిసినవాళ్లు ఎవరైనా కాస్త విడమరిచి చెప్పండి ప్లీజ్.